అంపైర్ కుర్చీలోకి కంప్యూటర్ ఎలా వచ్చింది: యుద్ధక్రీడలు, వ్యాపార క్రీడల తొలి చరిత్ర

సైనిక విన్యాసాల గురించి రాసేటప్పుడు పత్రికలు ‘వార్ గేమ్స్’ అంటాయి. ఎంబీఏ చదివే అమ్మాయి ‘రేపు మాకు సిమ్యులేషన్ ఉంది, మా టీమ్ చెప్పుల కంపెనీ నడపాలి’ అంటుంది. ఇంట్లో పిల్లవాడు ఫోన్‌లో కోట కట్టి, దండు పంపి, పక్కవాడి గాదె కొల్లగొడుతుంటాడు. ఒకటి దేశరక్షణ, ఇంకొకటి చదువు, మూడోది కాలక్షేపం అని మనం వేటికవి విడిగా చూస్తాం. చరిత్ర తిరగేస్తే ఈ మూడూ ఒకే ఇంటి పిల్లలు. ఆ ఇంటి పెద్ద పేరు అంపైర్. పటం పక్కన నిలబడి ‘నీ గుర్రపు దళం వాగు దాటలేదు’, ‘నీ ఫిరంగి గుండుకు ముప్పై మంది పడిపోయారు’ అని తీర్పు చెప్పే మనిషి. కంప్యూటర్ ఆ మనిషి కుర్చీలోకి ఎప్పుడు, ఎందుకు వచ్చి కూర్చుందన్నదే ఇక్కడ చెప్పబోయే కథ. ఆ కుర్చీ మారడంతో నియమాలు మన కంటికి ఎంతవరకు కనబడకుండా పోయాయన్నది నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న.

మోడల్, సిమ్యులేషన్, గేమ్: మూడు మాటల తేడా

ఈ మూడు మాటలనూ కలిపేసి వాడుతుంటారు కాబట్టి ముందు వాటిని విడదీద్దాం. రైతుబజారులో పక్కపక్కనే టమాటా అమ్మే ఇద్దరిని ఊహించండి. ‘పక్కవాడి కంటే రూపాయి తగ్గిస్తే పది కిలోల బేరం నా వైపు వస్తుంది’ అన్నది ఒక నియమం. ఇలాంటి నియమాల కట్టే మోడల్. ఆ నియమాలతో నెల రోజుల లెక్క వరసగా వేసుకుంటూ పోతే అది సిమ్యులేషన్. రోజూ పొద్దున ఇద్దరు మనుషులు ఒకరి ధర ఒకరికి తెలియకుండా చీటీ మీద రాసి, సాయంత్రం ఫలితం చూసుకుని, మర్నాటి ధర మార్చుకుంటే అది గేమ్. అంటే మధ్యలో మనిషి నిర్ణయం ఉండాలి, ఆ నిర్ణయానికి ఎదుటివాడి నిర్ణయం అడ్డు తగలాలి. సైన్యం నిజంగా మైదానంలోకి దిగి చేసే విన్యాసాన్ని కూడా వార్ గేమ్ అంటారు గానీ, ఈ వ్యాసంలో ఆ మాటకు అర్థం బల్ల మీదో తెర మీదో ఆడేదే.

చదరంగం బల్ల నుంచి సైనిక పటానికి

మన చతురంగంలో రథ గజ తురగ పదాతులు అసలు సైన్యంలోని నాలుగు అంగాలే. ఆ ఆట పర్షియా మీదుగా యూరప్ చేరి చదరంగంగా స్థిరపడేసరికి యుద్ధం పేరు మాత్రమే మిగిలింది. బల్ల మీద కొండలేదు, బురదలేదు, ఎదుటివాడి ఎత్తు దాగి ఉండదు. 1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో యోహాన్ హెల్‌విగ్ అనే గణిత పండితుడు ఆ లోటు తీర్చబోయాడు. వెయ్యికి పైగా గళ్లున్న బల్ల చేసి, గళ్లకు రంగుల్లో కొండ, నీరు, ఊరు అని గుర్తులు పెట్టాడు. చదరంగం తెలిసినవాడు సులువుగా నేర్చుకోవాలన్నది అతని ఉద్దేశం.

అసలు మలుపు ప్రష్యాలో వచ్చింది. ఫాన్ రైస్‌విట్జ్ అనే తండ్రి రాజుగారికి ప్లాస్టర్ దిమ్మెలతో యుద్ధభూమి నమూనా బల్ల చేసి చూపిస్తే, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న కొడుకు దాన్ని 1824లో పటం మీది ఆటగా మార్చి నియమాలు అచ్చు వేశాడు. పేరు క్రీగ్‌స్పీల్, జర్మన్‌లో ‘యుద్ధక్రీడ’ అనే అర్థం. గళ్లు పోయాయి. 1:8000 స్కేలులో గీసిన నిజమైన సైనిక పటం వచ్చింది. ఒక్కో వంతు యుద్ధభూమిలో రెండు నిమిషాల కాలం. ఆటగాళ్లు పావులు జరపరు, అంపైర్‌కు చీటీ మీద ఆదేశం రాసి ఇస్తారు. అంపైర్ పాచికలు వేసి, పట్టికలు చూసి, నష్టం లెక్కకట్టి, ఎదుటివాడి కంటికి ఆనేంత దూరంలో ఉన్న దళాలనే పటం మీద ఉంచుతాడు. ప్రష్యా సైన్యాధిపతి కార్యాలయం దీన్ని మెచ్చి రెజిమెంట్లకు పంపింది.

ఈ ఏర్పాటులోని కొత్తదనం మూడు పనుల్లో ఉంది: నియమాలతో లెక్కకట్టడం, అదృష్టానికి పాచిక వేయడం, తెలియకూడనిది దాచడం. మూడూ ఒక్క మనిషే చేయాలి. నూట ముప్పై ఏళ్ల తర్వాత కంప్యూటర్‌కు అప్పగించింది కూడా సరిగ్గా ఈ మూడు పనులే.

పాచిక మాటా, అనుభవజ్ఞుడి మాటా

నియమాలు పెరిగేకొద్దీ ఆట నత్తనడక నడిచింది. పట్టికలు తిరగేయడానికే పొద్దుపోయేది. అందుకని 1876లో వెర్డీ డు వెర్‌నోయా అనే ప్రష్యన్ అధికారి పాచికలు, పట్టికలు పక్కన పెట్టి, యుద్ధం చూసిన అంపైర్ తన అనుభవంతో తీర్పు చెబితే చాలన్నాడు. దీన్ని స్వేచ్ఛా పద్ధతి అంటారు, పాతదాన్ని కట్టుదిట్టమైన పద్ధతి అంటారు. మొదటిదాంట్లో వేగముంది, కానీ అంపైర్ పక్షపాతం కూడా ఆటలోకి దూరుతుంది. రెండోదాంట్లో అందరికీ ఒకే న్యాయం, కానీ పట్టికలో లేని సంగతి జరగనే జరగదు.

ఈ తగాదా ఎంత లోతైనదో చెప్పడానికి 1942 మే నెల నాటి సంగతి ఒకటుంది. పసిఫిక్ సముద్రంలోని మిడ్‌వే దీవి మీద దాడికి ముందు జపాన్ నౌకాదళం యమాతో నౌక మీద యుద్ధక్రీడ ఆడింది. ఆ సమావేశం గురించి జపాన్ నౌకాదళ వైమానికుడు మిత్సువో ఫుచిదా రాసిన కథనం ప్రకారం, మిడ్‌వే దీవి నుంచి లేచిన అమెరికన్ విమానాలు జపాన్ విమానవాహక నౌకల మీద తొమ్మిది బాంబులు తగిలించినట్టు పాచిక చెప్పింది. ‘అకాగి’, ‘కాగా’ అనే వాహక నౌకలు రెండూ మునిగిపోయినట్టు లెక్క. ఆటను నడిపిస్తున్న అడ్మిరల్ ఉగాకి తొమ్మిదిని మూడుకు తగ్గించాడు. అకాగి బతికింది. మునిగిన ‘కాగా’ కూడా తర్వాతి దశలో మళ్లీ తేలి వచ్చింది. ఆ మరుసటి నెలలోనే, జూన్ 4న మొదలైన అసలు యుద్ధంలో, ఆ రెండు నౌకలతో కలిపి జపాన్ నాలుగు వాహక నౌకలు పోగొట్టుకుంది.

ఇది విన్నవాళ్లంతా ‘చూశారా, అంపైర్ కళ్లు మూసుకుంటే ఇంతే’ అంటారు. కానీ ఇంకో వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. అసలు యుద్ధంలో దీవి నుంచి వచ్చిన విమానాల బాంబు ఒక్కటి కూడా జపాన్ వాహక నౌకలకు తగల్లేదు. వాటిని ముంచింది అమెరికన్ వాహక నౌకల నుంచి లేచిన డైవ్ బాంబర్లు. అంటే ఆ దాడి వరకు చూస్తే తొమ్మిది కంటే మూడే నిజానికి దగ్గర. నా మట్టుకు నాకు తప్పు అంకె తగ్గించడంలో కనబడదు. ‘మనకు తెలియని నౌకలు అక్కడికి వస్తే?’ అని ఆట అడుగుతున్న ప్రశ్నను వదిలేయడంలో కనబడుతుంది.

లివర్‌పూల్ గదిలో ఆకుపచ్చ సుద్ద

అదే సంవత్సరం లివర్‌పూల్‌లో బ్రిటిష్ నౌకాదళం జర్మన్ జలాంతర్గాములను ఎదుర్కొనే ఎత్తుగడలు నేర్పడానికి ఒక చిన్న విభాగం పెట్టింది. దాని అధిపతి గిల్బర్ట్ రాబర్ట్స్, పనిచేసేవాళ్లలో ఎక్కువమంది నౌకాదళ మహిళా విభాగానికి చెందిన యువతులు. వాళ్ల యుద్ధభూమి గది నేల. లినోలియం పరిచిన నేల మీద గీతలు గీసి, చిన్న నౌకల బొమ్మలు జరిపేవారు. చుట్టూ గుడ్డ తెరలు. నిజమైన నౌకల కెప్టెన్లు ఆ తెరల వెనక కూర్చుని, చిన్న కంత లోంచి తమ నౌకకు కనబడేంత మేరే చూడాలి. జలాంతర్గామి దారిని ఆకుపచ్చ సుద్దతో గీసేవారు. దగ్గర నిలబడ్డ యువతులకు ఆ గీత కనబడుతుంది, తెర వెనక కెప్టెన్‌కు ఆ గోధుమ రంగు నేల మీద కనబడదు.

రంగు ఎంపికతోనే రహస్యం దాచిన ఈ తెలివి నాకు ఎంతో ఇష్టం. ఒక ఆటకు అంపైర్ ఎందుకు తప్పనిసరో ఇంతకంటే స్పష్టంగా చూపించే ఉదాహరణ లేదు. అంతేకాదు, దీనికి ఎంతమంది మనుషులు కావాలో కూడా చూపిస్తుంది. ఒక్క ఆట ఆడించడానికి ఒక గదినిండా జనం ఉండాలి.

యంత్రానికి అప్పగించిన లెక్క

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రెండు కొత్త వస్తువులు చేతికొచ్చాయి. ఒకటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్. ఇంకొకటి మాంటే కార్లో పద్ధతి, 1940ల చివర్లో అమెరికా అణ్వాయుధ పరిశోధనశాల లాస్ అలమోస్‌లో స్టానిస్లా ఉలమ్, జాన్ ఫాన్ నాయ్‌మన్ అభివృద్ధి చేసింది. పాచికను ఒక్కసారి వేసి తీర్పు చెప్పకుండా వందల వేల సార్లు వేసి, ఏ ఫలితం ఎన్నిసార్లు వచ్చిందో చూడటమే దాని సారం. ఆ పని మనిషికి విసుగు, యంత్రానికి కాదు.

జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం కింద అమెరికా సైన్యం కోసం పనిచేసిన ఆపరేషన్స్ రీసెర్చ్ ఆఫీసులో, 1950ల మొదట్లో భౌతికశాస్త్రవేత్త జార్జ్ గామో ట్యాంకుల పోరు మీద ‘టిన్ సోల్జర్’ అనే ఆట తయారుచేశాడు. దాని దారిలోనే ‘కార్మొనెట్’ అనే కంప్యూటర్ సిమ్యులేషన్ వచ్చింది. ఇందాక చెప్పుకున్న తేడా ఇక్కడ పనికొస్తుంది. కార్మొనెట్ నడుస్తున్నంతసేపూ మధ్యలో నిర్ణయం తీసుకునే మనిషి లేడు. అది సిమ్యులేషన్, గేమ్ కాదు. అదే ఆఫీసు 1955లో చేసిన ‘హట్‌స్పీల్’ మాత్రం గేమే. పశ్చిమ యూరప్‌లో నాటో ఒకవైపు, సోవియట్ యూనియన్ ఇంకోవైపు, రెండు వైపులా మనుషులు కూర్చుని నిర్ణయాలు తీసుకుంటే నష్టాల లెక్క యంత్రం చూసుకునేది. అమెరికా నౌకాదళ కళాశాల న్యూపోర్ట్‌లో 1880ల నుంచీ బల్లల మీద, నేల మీద యుద్ధక్రీడలు ఆడుతూ వచ్చి, 1958లో ఎలక్ట్రానిక్ సిమ్యులేటర్‌కు మారింది.

న్యూపోర్ట్‌లో చూసింది కంపెనీ గదులకు ఎలా చేరింది

సైన్యంలో సామాన్ల లెక్క కూడా యుద్ధమంత పెద్ద పనే. విమానం విడిభాగం ఏ స్థావరంలో ఎన్ని ఉంచాలి, అయిపోయాక తెప్పించాలా, ముందే నింపాలా అన్నది అమెరికా వైమానిక దళానికి తలనొప్పి. 1950ల మధ్యలో ర్యాండ్ అనే పరిశోధనా సంస్థ ఆ సమస్య మీద ‘మోనోపొలాగ్స్’ అనే ఆట చేసింది. అందులో ఆటగాడు సేనాని కాదు, గిడ్డంగి అధికారి. యుద్ధక్రీడకూ వ్యాపార క్రీడకూ మధ్య వంతెన ఇదే అనుకోవచ్చు.

వంతెన దాటించింది అమెరికన్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్. ఆ సంఘం వాళ్లు 1956లో న్యూపోర్ట్ వెళ్లి, అధికారులు యుద్ధక్రీడలో మునిగి నేర్చుకోవడం చూశారు. అడ్మిరల్‌కు దొరికిన ఈ వసతి కంపెనీ మేనేజర్‌కు ఎందుకు ఉండకూడదు అనుకున్నారు. 1957లో ఐబీఎం 650 అనే కంప్యూటర్ మీద ‘టాప్ మేనేజ్‌మెంట్ డెసిషన్ సిమ్యులేషన్’ నడిపారు. ఐదు జట్లు, ఐదు కంపెనీలు, అందరిదీ ఒకే రకం సరుకు. ధర ఎంత, ఎంత తయారుచేయాలి, ప్రచారానికెంత, పరిశోధనకెంత అని ప్రతి జట్టూ ఫారం నింపి ఇస్తుంది. ఆ అంకెలను పంచ్ కార్డుల మీద గుచ్చి యంత్రంలో పెడతారు. అది ఐదు కంపెనీల అంకెలనూ ఒకదానితో ఒకటి పోల్చి, ఎవరి సరుకు ఎంత పోయిందో, ఎవరి గిడ్డంగిలో ఎంత మిగిలిందో లెక్కకట్టి నివేదిక అచ్చువేస్తుంది. క్రీగ్‌స్పీల్‌లో చీటీ, అంపైర్, జవాబు. ఇక్కడ ఫారం, యంత్రం, నివేదిక. మారింది కుర్చీలో ఉన్నవాళ్లే.

నియమంలోని ఒక్క అంకె ఏం చేస్తుంది

టమాటా దుకాణాలకు మళ్లీ వద్దాం. యంత్రం లోపల ఏం జరుగుతుందో కాగితం మీదే చూడొచ్చు. ఇద్దరికీ కిలో 15 రూపాయలకు సరుకు పడుతుంది. ఇద్దరూ 20కి అమ్మితే చెరో 100 కిలోలు, చెరో 500 రూపాయల లాభం. ఇప్పుడు మీరు ధర 19 చేశారు. రూపాయికి 10 కిలోల బేరం జరుగుతుందన్నది నియమమైతే మీకు 110 కిలోలు, కిలోకు 4 చొప్పున 440. అంటే నష్టపోయారు. ‘ధర తగ్గించకూడదు’ అన్న పాఠంతో ఇంటికెళతారు.

అదే నియమంలో 10 బదులు 40 పెట్టండి. 140 కిలోలు, 560 రూపాయలు. పక్కవాడికి 60 కిలోలు, 300. అతను ఊరుకోడు, తానూ 19కి దిగుతాడు. ఇద్దరికీ 400. మీరు 18కి దిగితే 420, అతనూ దిగితే ఇద్దరికీ 300. ఇంకో రూపాయి తగ్గిస్తే 140 కిలోలకు 280 మాత్రమే వస్తుంది కాబట్టి పోటీ అక్కడ ఆగుతుంది. ఇద్దరూ 500 దగ్గర మొదలై 300 దగ్గర కూలబడ్డారు. ఇప్పుడు పాఠం వేరు: ‘ధరల పోటీ ఇద్దర్నీ ముంచుతుంది’. రెండు పాఠాల మధ్య తేడా ఆటగాడి తెలివిలో లేదు. నియమం రాసినవాడు వేసిన ఒక్క అంకెలో ఉంది. ఆ అంకె ఆటగాడికి తెలియదు.

1957 తర్వాత వ్యాపార క్రీడలు అమెరికా విశ్వవిద్యాలయాల్లో వేగంగా పాకాయి. వీటిలో బాగా పెద్దది కార్నెగీ టెక్‌లో పుట్టింది. బట్టలుతికే పౌడర్ అమ్మే మూడు కంపెనీల పోటీ అది. ఒక్కో ‘నెల’కు ఒక్కో జట్టు వందకు పైగా నిర్ణయాలు నింపి ఇవ్వాలి. ముడిసరుకు, ఓవర్‌టైమ్, బ్యాంకు అప్పు, ప్రాంతానికో ధర, కొత్త పౌడర్ మీద ప్రయోగాలు, అన్నీ ఉండేవి. దాన్ని తయారుచేసినవాళ్ల ఉద్దేశం మామూలు తరగతిలో దొరకనిది నేర్పడం: ఈ నెల చేసిన తప్పు మూడు నెలల తర్వాత తిరిగొచ్చి తగిలితే ఎలా ఉంటుందో, జట్టులో మార్కెటింగ్ చూసేవాడూ ఫ్యాక్టరీ చూసేవాడూ కొట్లాడుకుంటే ఏమవుతుందో.

ఎదురు వాదన అప్పుడే మొదలైంది, ఈనాటికీ నడుస్తోంది. విద్యార్థి నేర్చుకునేది వ్యాపారం కాదు, ఆ ఆటను గెలవడం అంటారు విమర్శకులు. చివరి రౌండు ఎప్పుడో తెలిస్తే పరిశోధన ఖర్చు ఆపేసి లాభం చూపించేయొచ్చు. నిజమైన కంపెనీకి చివరి రౌండు ఉండదు. సమర్థకులు దీనికి చెప్పే జవాబు కూడా బలమైనదే: ఆట ముగిశాక కూర్చుని జరిగే చర్చలోనే అసలు చదువు ఉంది, ఆట దానికి ముడిసరుకు మాత్రమే. ఎంఐటీలో జే ఫారెస్టర్ బృందం తెచ్చిన బీర్ గేమ్ ఈ వాదనకు మంచి ఆధారం. దుకాణం, టోకు వ్యాపారి, పంపిణీదారు, బీరు ఫ్యాక్టరీ అని నలుగురు వరసగా కూర్చుని ఆడతారు. దుకాణంలో గిరాకీ ఒక్కసారి కాస్త పెరిగి అక్కడే నిలిచిపోతుంది. కానీ సరుకు చేరడానికి పట్టే ఆలస్యం వల్ల కంగారుపడి ఎవరికి వారు ఎక్కువ ఆర్డర్ పెడతారు. ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి ఆ చిన్న అల ఉప్పెన అవుతుంది. దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు, బల్లా బిళ్లలూ చాలు. నియమాలు ముందే అందరికీ తెలుసు, అయినా అందరూ పడతారు.

సుమేరు ధాన్యం, ఆరో తరగతి పిల్లలు

ఈ చరిత్రలో తగినంత పేరు రాని మనిషి మేబెల్ ఆడిస్. న్యూయార్క్ రాష్ట్రంలో నాలుగో తరగతి టీచర్. వెస్ట్‌చెస్టర్ కౌంటీ విద్యా బోర్డు, ఐబీఎం కలిసి కంప్యూటర్‌తో పాఠాలు చెప్పే ప్రయోగం పెట్టినప్పుడు, 1964లో ఆమె ‘సుమేరియన్ గేమ్’ రూపొందించింది. ప్రోగ్రామ్ రాసింది విలియం మెకే. ఆరో తరగతి పిల్లవాడు టైప్‌రైటర్ లాంటి టెర్మినల్ ముందు కూర్చుంటే, అతను ప్రాచీన లగాష్ నగరపు పాలకుడు. ఈ ఏడు పంటలో తిండికెంత, విత్తనానికెంత, గాదెలో ఎంత? అంకె టైపు చేస్తే మంత్రి జవాబు కాగితం మీద అచ్చవుతుంది. కథ చెబుతూ అంకెలతో ఆడించిన తొలి కంప్యూటర్ ఆటల్లో ఇదొకటి. రాసింది ఇంజనీరు కాదు, పిల్లల్ని ఎరిగిన పంతులమ్మ.

దాని గురించి విని డెక్ అనే కంప్యూటర్ల కంపెనీలో పనిచేసే డగ్ డైమెంట్ 1968లో చిన్న వెర్షన్ రాశాడు. డేవిడ్ ఆల్ దాన్ని బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి మార్చి, ‘హమురాబి’ పేరుతో 1973లో తన కంప్యూటర్ ఆటల పుస్తకంలో అచ్చువేశాడు. అక్కడి నుంచి అది ఊరూరా పాకింది. ఆ ఆట మొదటి ఏడాది లెక్క ఒకసారి వేసి చూడండి.

మీ చేతిలో 100 మంది జనం, 1000 ఎకరాలు, 2800 బుషెల్‌ల ధాన్యం (బుషెల్ అంటే ధాన్యం కొలత). మనిషికి ఏడాదికి 20 బుషెల్‌లు తిండి. ఎకరానికి అర బుషెల్ విత్తనం. ఒక మనిషి 10 ఎకరాలే సాగుచేయగలడు. అందరికీ తిండి పెడితే 2000 పోయి 800 మిగిలాయి. వెయ్యి ఎకరాలూ విత్తితే 500 పోయి 300 మిగిలాయి. ఇక దేవుడి దయ. ఎకరానికి 1 నుంచి 5 బుషెల్‌ల దాకా ఎంత పండుతుందో యంత్రం పాచిక వేస్తుంది. కొత్తగా వలసవచ్చేవాళ్లను, ఎలుకల్ని కాసేపు పక్కన పెడదాం. 5 పండితే గాదెలో 5300, పండగే. 3 పండితే 3300, పరవాలేదు. 1 పండితే 1300. అది 65 మందికి తిండి, విత్తనానికి ఒక్క గింజ మిగలదు. 35 మంది ఆకలితో చనిపోతారు. ఒకే ఏడాదిలో 45 శాతం కంటే ఎక్కువ మంది పోతే ప్రజలు మిమ్మల్ని గద్దె దింపేస్తారు, కాబట్టి పదవి మిగిలింది, పొలం బీడుపడింది. అప్పుడు భూమి అమ్మాలా? ఎకరం ధర ఏటా 17 నుంచి 26 బుషెల్‌ల మధ్య మారుతుంది. 20 పలికితే 50 ఎకరాలు అమ్మి వెయ్యి బుషెల్‌లు తెచ్చుకోవచ్చు. కానీ వచ్చే ఏడు సాగుకు ఆ 50 ఎకరాలు ఉండవు.

ఏదో ఒక ఏడు 15 శాతం అవకాశంతో మహమ్మారి వచ్చి సగం మందిని తీసుకుపోతుంది. పదేళ్లు గడిచాక మీ పాలన మీద తీర్పు. ఇంత చిన్న నియమాల కట్టలోనే కరువు, దాచుకోవడం, భయపడి భూమి తెగనమ్ముకోవడం అన్నీ ఉన్నాయి. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన మనవాళ్లకు ఈ లెక్క ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఆరు మూలల గళ్లు, మూడుకు ఒకటి

ఇదే కాలంలో యుద్ధక్రీడ ఇంటి బల్ల మీదికీ వచ్చింది. మేరీల్యాండ్‌లో చార్లెస్ రాబర్ట్స్ 1954లో సొంతంగా ఒక ఆట అచ్చువేసి అమ్మి, 1958లో ఆవలాన్ హిల్ కంపెనీ మొదలుపెట్టాడు. పటం మీద చతురస్రాల బదులు ఆరు మూలల గళ్లు వచ్చాయి, ఎటు జరిగినా దూరం ఒకటే కావడం వాటి సుగుణం. దళాలు అట్టముక్కలు, ఒక్కోదాని మీద బలం అంకె. పోరాటం ఇలా సాగుతుంది: 12 బలంతో 4 బలమున్న దళాన్ని కొడితే నిష్పత్తి 3కి 1. పట్టికలో ఆ వరస చూసి పాచిక వేయాలి. మీ బలం 11 అయితే? మిగిలిన ముక్క రక్షించుకునేవాడికే చెందుతుంది, కాబట్టి 2కి 1 అయిపోతుంది. ఆ ఒక్క అంకె కోసం ఇంకో దళాన్ని ఎక్కడి నుంచి లాక్కురావాలా అని ఆటగాళ్లు గంటలు గడిపేవారు.

ఇందులో అంపైర్ లేడు. ఇద్దరు ఆటగాళ్లే నియమాల పుస్తకం చదువుకుని ఒకరినొకరు సరిచూసుకుంటారు. ప్రతి నియమం బయటే ఉంది. కానీ అందుకు చెల్లించిన మూల్యం కూడా ఉంది: ఎదుటివాడి దళాలన్నీ కళ్ల ముందే ఉంటాయి. రైస్‌విట్జ్ 1824లో సాధించిన దాపరికం పోయింది. పైగా రెండో మనిషి దొరకాలి, వారాంతమంతా బల్ల ఖాళీగా ఉండాలి.

బిస్మార్క్ వేట: అంపైర్ తిరిగొచ్చాడు

ఈ రెండు ఇబ్బందులూ తెలిసిన కుర్రాడు జోయెల్ బిల్లింగ్స్. యుద్ధక్రీడలు ఆడే ప్రోగ్రామర్లు కావాలని హాబీ దుకాణాల్లో కాగితం అంటించాడు. జాన్ లయన్ స్పందించాడు. అలా స్ట్రాటజిక్ సిమ్యులేషన్స్ కంపెనీ, ఎస్ఎస్ఐ, పుట్టింది. 1980 మొదట్లో వచ్చిన వాళ్ల తొలి ఆట ‘కంప్యూటర్ బిస్మార్క్’. 1941లో అట్లాంటిక్‌లోకి జారుకున్న జర్మన్ యుద్ధనౌకను బ్రిటిష్ నౌకలు వెతికి పట్టుకోవాలి. ఒంటరిగా ఆడితే మీరు బ్రిటిష్ వైపు, జర్మనీ వైపు ఆడే యంత్రానికి ‘ఓటో ఫాన్ కంప్యూటర్’ అని పేరు పెట్టారు. వెతుకులాట ఆటకు ఇంతకంటే తగిన కథ లేదు, ఎందుకంటే బిస్మార్క్ ఎక్కడుందో యంత్రానికి తెలుసు, మీకు తెలియదు. లివర్‌పూల్ నేల మీది ఆకుపచ్చ సుద్ద ఇప్పుడు ఆపిల్ 2 అనే ఇంటి కంప్యూటర్ మెమరీలో ఉంది.

అదే ఏడాది ఆవలాన్ హిల్ కూడా క్యాసెట్ల మీద కంప్యూటర్ ఆటలు అమ్మడం మొదలుపెట్టింది. తమ బల్ల ఆట బిస్మార్క్‌తో పోలికలున్నాయని ఎస్ఎస్ఐ మీద దావా వేసింది. అది చివరికి రాజీతో ముగిసింది. ‘తొలి కంప్యూటర్ యుద్ధక్రీడ’ ఏదన్న వాదన వినబడుతూనే ఉంటుంది. సైనిక సంస్థలను లెక్కిస్తే 1950లకు వెళ్లాలి. వాల్టర్ బ్రైట్ 1977లో కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో పెద్ద కంప్యూటర్ మీద ‘ఎంపైర్’ రాశాడు. క్రిస్ క్రాఫర్డ్ తన ‘ట్యాంక్‌టిక్స్’ను 1978లో సొంతంగా అమ్ముకున్నాడు. ఈ హాబీలో పెరిగినవాళ్ల కోసం పెట్టెలో పెట్టి దుకాణంలో అమ్మిన గంభీరమైన ఆట అని నిర్వచిస్తే అప్పుడు కంప్యూటర్ బిస్మార్క్ పేరు ముందుకొస్తుంది. ఎవరు దేన్ని తొలి అంటున్నారో తెలియాలంటే వాళ్ల నిర్వచనం అడగాలి.

క్రాఫర్డ్ 1981లో అటారీ కంప్యూటర్ కోసం చేసిన ‘ఈస్టర్న్ ఫ్రంట్’లో ఒక చక్కని ఏర్పాటుంది. రష్యా మీద జర్మన్ దాడి కథ. అప్పటి ఆటల్లో మన వంతు అయ్యాక యంత్రం ఆలోచించేంతసేపూ మనం ఎదురుచూడాలి. ఇక్కడ మనం ఆలోచించుకుంటున్న సమయంలోనే అది తన ఎత్తులు తిరగేసుకుంటుంది. మీరు ఎంత నిదానిస్తే అది అంత బాగా ఆడుతుంది. జాయ్‌స్టిక్ కదిపితే తెర మీది పటం యుద్ధభూమంతా చూపిస్తూ జరిగేది, అప్పటికి అది అబ్బురమే.

అమ్మేవాళ్లు పైన, కొనేవాళ్లు కింద

యుద్ధక్రీడా వ్యాపార క్రీడా ఒకే ఇంటివని చెప్పడానికి డానియెల్ బంటెన్ బెరీ ప్రయాణం చాలు. 1978లో ఆమె తొలి ఆట ‘వీలర్ డీలర్స్’, నలుగురు కలిసి ఆడే వేలంపాట. 1981లో ‘కార్టెల్స్ అండ్ కట్‌త్రోట్స్’, కంపెనీల పోటీ. దాన్ని ప్రచురించింది బిస్మార్క్ వేటాడించిన ఎస్ఎస్ఐయే. 1983లో వచ్చిన ‘మ్యూల్’ ఆమె కీర్తికి శిఖరం. కొత్త గ్రహం మీద నలుగురు. కొందరు తిండి పండిస్తారు, కొందరు ఇంధనం, కొందరు ఖనిజం తీస్తారు. ఇంధనం లేకపోతే పొలం పనిచేయదు. తిండి తక్కువైతే మీ వంతులో దొరికే సమయం తగ్గిపోతుంది.

వేలం తెరే దాని అందం. అమ్మేవాళ్ల బొమ్మలు పైనుంచి కిందికి నడుస్తాయి, కొనేవాళ్లవి కిందినుంచి పైకి. పైకి వెళితే ధర పెరుగుతుంది, కిందికి వస్తే తగ్గుతుంది. ఇద్దరూ ఎక్కడ కలుసుకుంటే అదే బేరం. గిరాకీ, సరఫరా అన్న మాటలు ఒక్కసారి కూడా పలక్కుండా పిల్లలకు అర్థమవుతాయి. ఇక్కడ యంత్రం దాచింది తక్కువ. నలుగురూ ఒకే తెర ముందు భుజాలు రాసుకుంటూ కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూస్తూ బేరమాడతారు.

కనబడే నియమం, కనబడని నియమం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. బల్ల ఆటల తరంలో కొందరు కంప్యూటర్‌ను మొదట్నుంచీ అనుమానించారు. పట్టిక చేతిలో ఉంటే ‘ఈ వరస తప్పు, శీతాకాలంలో జర్మన్ దళానికి ఇంత బలం ఉండదు’ అని వాదించొచ్చు, పెన్సిల్‌తో దిద్దొచ్చు. యంత్రం లోపలున్నదాన్ని ఒప్పుకోవడం తప్ప మార్గం లేదు. ఇది చిన్న అభ్యంతరం కాదు. 1989లో విల్ రైట్ ‘సిమ్‌సిటీ’ అనే నగరం కట్టే ఆట చేసేటప్పుడు ప్రేరణ పొందినవాటిలో జే ఫారెస్టర్ 1969లో నగరాల మీద చేసిన మోడల్ ఒకటి. పేదలకు చవక ఇళ్లు కట్టడం నగరానికి చివరికి చేటే అన్న ముగింపుతో ఆ మోడల్ అప్పట్లోనే పెద్ద దుమారం రేపింది. ఆటగాడు పన్ను పెంచి, ఇళ్లు కట్టి, జనం వలసపోవడం చూసి ‘నగరాలు ఇలా పనిచేస్తాయి’ అనుకుంటాడు. ఎవరో ఒకరు రాసిన నియమాలు ఇలా పనిచేస్తున్నాయన్నది అతనికి తట్టకపోవచ్చు.

రెండో వైపూ న్యాయమైన మాట ఉంది. నిజమైన సేనానికి పట్టిక ఇవ్వరు. నిజమైన వ్యాపారికి రూపాయి తగ్గిస్తే ఎన్ని కిలోలు కదులుతాయో ముందే చెప్పరు. తెలియనితనమే యుద్ధానికీ వ్యాపారానికీ అసలు స్వభావమైతే, నియమాలన్నీ బయటపెట్టిన ఆటే అబద్ధం చెబుతున్నట్టు. ఈ రెండు వాదనల్లో ఆడుతున్నంతసేపూ రెండోదే నాకు సబబుగా అనిపిస్తుంది. ఆట ముగిశాక మాత్రం పెట్టె మూత తెరిచి లోపలి అంకెలు చూసే వీలుండాలన్నది నా కోరిక.

ఆ వీలు ఒకప్పుడు ఉండేది. డేవిడ్ ఆల్ పుస్తకంలో ఆట అంటే అచ్చయిన ప్రోగ్రామే. కొనుక్కున్నవాళ్లు వరస తప్పకుండా ఒక్కో లైనూ చూసి కీబోర్డు మీద కొట్టుకోవాలి, అప్పుడే ఆట నడుస్తుంది. ఎలుకలు ఎంత తింటాయో, మహమ్మారి ఎన్నిసార్లు వస్తుందో ఆ లైన్లలోనే ఉండేది. హమురాబి పాలనలో జనం చనిపోతూనే ఉంటే, 1978లో ఒక పిల్లవాడు లిస్టింగ్ పేజీ మళ్లీ తెరిచి, పంట పాచిక ఉన్న లైను దగ్గర వేలు పెట్టి, 5ను చెరిపి 6 కొట్టి, మళ్లీ మొదటి ఏడాది నుంచి ఆడేవాడు.